శాలువా కప్పే ముందు ఓచర్లు చూద్దాం

బ్రిటన్‌లోని తెలుగు సంఘాల కార్యవర్గాల వారికి నమస్కారం.

పోయిన ఉగాదికి మా సంఘం వాళ్లు ఒక సెకండరీ స్కూలు హాలు అద్దెకు తీసుకున్నారు. పచ్చడి కాగితపు కప్పుల్లో పోశారు. వేపపువ్వు దొరక్క కాకరకాయ తురుము వేశారని వెనక వరసలో గుసగుసలు. పిల్లల డాన్సులు గంట లేటు. ముఖ్య అతిథిగా ఇక్కడి పార్లమెంటు పై సభ, హౌస్ ఆఫ్ లార్డ్స్ సభ్యుడొకాయన వచ్చి, ముందు వరసలో ఓపిగ్గా కూర్చున్నారు. ఆయన పేరు ఇక్కడ అనవసరం, ఈ ఉత్తరం ఆయన మీద ఫిర్యాదు కాదు. యాంకర్ అమ్మాయికి గొంతు పోవడంతో మైకు నా చేతికొచ్చింది, దాంతో పాటే మూడు లైన్ల పరిచయం కాగితం. మూడో లైను ఇది: "లార్డు గారు పార్లమెంటులో ఇప్పటిదాకా ఆరువందల సార్లకు పైగా తమ గళం వినిపించారు." చదివాను. చప్పట్లు మోగాయి. శాలువా, బొకే, మెమెంటో, గ్రూప్ ఫొటో అయ్యాయి. ఆయన ఐదు నిమిషాలు మన సంస్కృతిని మెచ్చుకుని, చివర్లో "నమస్కారం" అని మన మాటలోనే చెప్పి కారెక్కారు.

నేను ఆ సంఘానికి ఆరేళ్లు ట్రెజరర్‌గా చేశాను. ఖర్చుల పుస్తకంలో "పూలు, శాలువాలు, ఇతరములు: 140 పౌండ్లు" అని ఒకే లైను కనిపిస్తే నాకు నిద్ర పట్టదు. ఓచర్లేవి అని అడగాల్సిందే. "ఆరువందల సార్లు" అన్నదీ నా చెవికి అలాంటి లైనులాగే వినిపించింది. ఇంటికొచ్చి, మిగిలిన పులిహోర వేడి చేసుకుని, లాప్‌టాప్‌లో హాన్సర్డ్ తెరిచాను.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. హాన్సర్డ్ అంటే ఇక్కడి పార్లమెంటులో ఎవరేం మాట్లాడారో రాసిపెట్టే అధికారిక రికార్డు. పంతొమ్మిదో శతాబ్దంలో దాన్ని అచ్చువేసిన ప్రింటరు ఇంటిపేరే దానికి స్థిరపడిపోయింది. 1909 నుంచి రెండు సభల రికార్డులూ విడివిడిగా వస్తున్నాయి. తడబాట్లు, చెప్పిందే చెప్పడాలు తీసేస్తారు తప్ప మాట మార్చరు. సభ్యుడి పేరు కొడితే చాలు, సభలో అడుగుపెట్టిన రోజు నుంచి ఆయన లేచి మాట్లాడిందంతా తేదీలతో సహా వస్తుంది. పైసా ఖర్చు లేదు, లాగిన్ కూడా అక్కర్లేదు.

అయితే ఆ జాబితాలో ఒక చిక్కుంది. సభ్యుడు లేచి నోరు తెరిచిన ప్రతిసారీ అది ఒక కంట్రిబ్యూషన్ కిందికి వస్తుంది. పావుగంట పాటు ఒక బిల్లును కడిగేస్తే అదీ ఒకటే. "మంత్రిగారి జవాబుకు ధన్యవాదాలు, ఈ విషయంలో తొందరపడతారా?" అని అడిగి కూర్చుంటే అదీ ఒకటే. ఒక మంత్రి ఒకే సాయంత్రం ఒకే బిల్లు మీద ఇరవై సవరణలకు జవాబు చెప్తే ఇరవై. మా అతిథి గారివి ఓ యాభై తెరిచి చూశాను. సగానికి పైగా ప్రశ్నోత్తరాల సమయంలో వేసిన ఒకటి రెండు వాక్యాల అనుబంధ ప్రశ్నలు. కొన్ని కొత్త సభ్యులకు స్వాగతాలు, కొన్ని పోయినవాళ్లకు నివాళులు. మధ్యలో ఒకటి మాత్రం నన్ను కట్టిపడేసింది. కేర్ హోముల గురించి ఆయన పన్నెండు నిమిషాలు మాట్లాడారు, అంకెలు పట్టుకుని, మంత్రిని ఊపిరి తీసుకోనివ్వకుండా. అది చదివాక అనిపించింది: ఆ సాయంత్రం మన హాల్లో కేర్ హోముల్లో పనిచేసే ఆడవాళ్లు కనీసం పదిహేనుమంది ఉన్నారు. ఆయనకూ వాళ్లకూ మధ్య నేను చదివిన ఆ మూడో లైను గోడలా నిలబడింది.

ఈ ఉత్తరం రాయడానికి కారణం అదే.

మనం ముందు ఆ సభ సంగతి సరిగ్గా తెలుసుకోవాలి. మన కరపత్రాల్లో లార్డ్స్ సభ్యుణ్ణి "ఎంపీ గారు" అని వేస్తున్నాం. ఒకచోట "హిజ్ ఎక్సలెన్సీ" అని కూడా చూశాను, రాయబారికీ ఈయనకూ తేడా లేనట్టు. ఎంపీని ఒక నియోజకవర్గం ఎన్నుకుంటుంది. లార్డుకు నియోజకవర్గం లేదు, ఎన్నికా లేదు. చాలామంది జీవితకాలానికి నియమితులు. వారసత్వంగా వచ్చిన సీట్లను 1999 చట్టం అప్పట్లో 92 మినహా తీసేసింది. మంత్రులూ మరికొందరు పదవులున్నవాళ్లూ మినహా ఎవరికీ జీతం లేదు. సభకు వచ్చిన రోజున తీసుకోదలిస్తే 350 పౌండ్లు పైబడిన భత్యం ఉంటుంది. అది హాజరుకు ఇచ్చేది, మాటకు కాదు. ఒక పూర్తి సెషన్‌లో ఒక్కసారి కూడా రాకపోతే సభ్యత్వం పోయేలా 2014లో చట్టం చేశారు, అంటే ఒక్కసారి వచ్చినా నిలుస్తుంది. ఓటర్లు లేరు కాబట్టి "మా ఏరియాకు ఏం చేశావ్?" అని ఐదేళ్లకోసారి నిలదీసేవాళ్లూ లేరు. ఆయన పనికి మిగిలిన ఏకైక పద్దు పుస్తకం ఆ రికార్డే. దాన్ని మనమే చదవకపోతే ఇంకెవరు చదువుతారు?

నియోజకవర్గం లేకపోవడంలో మనకో లాభం కూడా ఉంది. ఎంపీ ఆఫీసుకు రాస్తే ముందు పోస్ట్‌కోడ్ అడుగుతారు. లార్డ్స్ సభ్యులకు ఎవరైనా రాయొచ్చు. బర్మింగ్‌హామ్‌లో ఉన్నా, అబర్డీన్‌లో ఉన్నా ఆ విషయం మీద ఆసక్తి ఉన్న సభ్యుణ్ణి వెతుక్కుని రాయడమే. ఆసక్తి ఎవరికుందో చెప్పేది కూడా హాన్సర్డే.

సంఖ్య ఎంత మోసం చేస్తుందో చెప్పడానికి నాకు ఇద్దరు గుర్తొస్తారు. ఒకరిది చాలా సన్నటి రికార్డు.

సత్యేంద్ర ప్రసన్న సిన్హా. బెంగాల్‌లోని బీర్భూమ్ జిల్లా రాయపూర్ వాళ్లు. క్విజ్ పుస్తకాల్లో "హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో తొలి భారతీయుడు" అని ఒక లైను ఉంటుంది, అంతటితో సరి. 1915 బొంబాయి కాంగ్రెస్‌కు అధ్యక్షత వహించిన మనిషి. 1919లో ఆయన్ని ఇండియా వ్యవహారాల ఉపమంత్రిగా వేసి, లార్డ్స్‌లో కూర్చోబెట్టడానికి బారన్ చేశారు. పెద్ద మంత్రి మాంటేగ్ కామన్స్‌లో, అంటే ఎన్నికైన ఎంపీల సభలో, ఉంటారు కాబట్టి లార్డ్స్‌లో ఆ శాఖ తరఫున నిలబడాల్సింది సిన్హాయే. స్కూల్లో మనందరం బట్టీ పట్టిన మాంటేగ్–చెమ్స్‌ఫర్డ్ సంస్కరణలు, ద్వంద్వ పాలన గుర్తున్నాయా? ఆ బిల్లును లార్డ్స్‌లో నడిపించింది ఆయనే. 1919 డిసెంబరు 23న అది చట్టమైంది. దాని కింద మద్రాసు ప్రెసిడెన్సీలో 1920 ఎన్నికల తర్వాత మొట్టమొదటి మంత్రులు ముగ్గురొచ్చారు. వాళ్లలో పానగల్ రాజా, కూర్మా వెంకటరెడ్డి నాయుడు మన తెలుగువాళ్లు. ఆ నాయుడు గారు అంతకు ముందు ఏడాది లండన్ వచ్చి ఆ బిల్లు మీద సంయుక్త కమిటీ ముందు జస్టిస్ పార్టీ తరఫున వాదన వినిపించారు కూడా. ఆ కమిటీ ముందుకే హైదరాబాద్ నుంచి వచ్చిన సరోజినీ నాయుడు ఆడవాళ్లకు ఓటు కావాలని చెప్పారు. వందేళ్ల కిందట మనవాళ్లు ఆ భవనం మెట్లెక్కింది ఫొటో కోసం కాదు, సాక్ష్యం చెప్పడానికి.

సిన్హా రికార్డులో ఆ బిల్లు కంటే నన్ను ఎక్కువ పట్టుకున్నది ఇంకొకటి. 1920 జులై 19, 20 తేదీలు. జలియన్‌వాలా బాగ్‌లో కాల్పులు జరిపించిన జనరల్ డయ్యర్‌ను అప్పటికే ప్రభుత్వం పదవి నుంచి తప్పించింది. ఆ నెల 8న కామన్స్ ప్రభుత్వం వైపే నిలబడింది. అప్పుడు లార్డ్స్‌లో మాజీ లార్డ్ ఛాన్సలర్ ఫిన్లే ఒక తీర్మానం పెట్టారు. డయ్యర్‌కు అన్యాయం జరిగిందని, ఇలా చేస్తే ముందుముందు తిరుగుబాట్లు అణచే అధికారులకు ప్రమాదమని దాని సారాంశం. దాన్ని ఎదుర్కొంటూ ప్రభుత్వం తరఫున లేచినవాళ్లలో సిన్హా ఉన్నారు.

ఒక్కసారి ఊహించుకోండి. ఎర్రటి తోలు బెంచీలు. సభ నిండా దొరలు, వాళ్లలో ఇండియాలో గవర్నర్లుగా చేసి వచ్చినవాళ్లు కొందరు. సభ మొత్తమ్మీద ఒకే ఒక భారతీయుడు. అమృత్‌సర్‌లో పోయినవాళ్లు అధికారిక లెక్కలోనే 379 మంది. వాళ్లకోసం ఏడవడానికి కాదు ఆయన లేచింది. బ్రిటిష్ ప్రభుత్వ ఉపమంత్రిగా, బ్రిటిష్ ప్రభుత్వం చేసిన పని సబబేనని వాదించడానికి. కోపం ఎంత ఉన్నా ఆ కోటు విప్పి మాట్లాడే వీల్లేదు. వాదన అయింది, ఓటింగ్ అయింది. డయ్యర్ పక్షాన 129, ప్రభుత్వం పక్షాన 86. సిన్హా వైపు ఓడిపోయింది. డయ్యర్ మీద తీసుకున్న చర్య ఆ తీర్మానంతో మారలేదు. కానీ ఆ 129 అనే అంకె సముద్రం దాటి వచ్చి మన దేశంలో ఎంత మంట పెట్టిందో వేరే చెప్పక్కర్లేదు.

ఆ ఏడాదే సిన్హా బీహార్–ఒరిస్సా గవర్నర్‌గా వెళ్లిపోయారు, 1928లో కన్నుమూశారు. ఉపమంత్రిగా ఆయన లార్డ్స్‌లో నిలబడి పనిచేసింది గట్టిగా ఏడాదిన్నర. మన లెక్కన ఆయన్ని పరిచయం చేయాలంటే మూడో లైను రాయడానికి సరిపడా అంకే దొరకదు. డయ్యర్ చర్చలో ఆయన ప్రసంగం జాబితాలో ఒక ఎంట్రీ, "మంత్రిగారికి ధన్యవాదాలు" అన్నది కూడా ఒక ఎంట్రీ.

రెండో ఆయన ఆల్ఫ్ డబ్స్. ఈయనకు తెలుగువాళ్లతో ఏ సంబంధమూ లేదు. అయినా సభ్యుడి రికార్డు ఎలా చదవాలో నాకు నేర్పింది ఈయన రికార్డే, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

1932లో ప్రాగ్‌లో పుట్టారు. తండ్రి యూదు. 1939లో, ఆరేళ్ల వయసులో, పిల్లల రైలెక్కి లండన్ లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషన్‌లో దిగారు. నికొలస్ వింటన్ అనే స్టాక్ బ్రోకరు, ఆయనతో పాటు మరికొందరు కాగితాలు సర్ది 669 మంది పిల్లల్ని అలా తెప్పించారు. రెండు రోజుల ప్రయాణానికి అమ్మ కట్టిచ్చిన తిండి సంచి విప్పనే లేదని డబ్స్ చెబుతుంటారు. ఆ తర్వాత బాటర్సీ నుంచి లేబర్ ఎంపీ, ఆపైన రెఫ్యూజీ కౌన్సిల్ డైరెక్టర్, 1994 నుంచి లార్డ్స్ సభ్యుడు.

2016. యూరప్‌లో తల్లిదండ్రులు వెంట లేని శరణార్థి పిల్లలు వేలల్లో తిరుగుతున్నారు. ఇమిగ్రేషన్ బిల్లు లార్డ్స్‌కు వచ్చింది. 3,000 మంది పిల్లల్ని బ్రిటన్ తీసుకోవాలని డబ్స్ ఒక సవరణ పెట్టారు. మార్చి 21న లార్డ్స్‌లో 306–204తో నెగ్గింది. ఏప్రిల్ 25న కామన్స్ 294–276తో కొట్టేసింది. కొట్టేయడానికి రికార్డులో రాసిన కారణం చూడండి: ఆర్థిక అధికారం కామన్స్‌ది. అంటే సర్కారు డబ్బుతో ముడిపడిన సవరణ అయితే "ఇది మీ పని కాదు" అని కామన్స్ ఒక్క మాటతో తిప్పి పంపొచ్చు. ఆ మాట పడితే అదే సవరణను మళ్లీ పంపడం లార్డ్స్ ఆనవాయితీ కాదు.

మరి డబ్స్ ఏం చేశారు? 3,000 అన్న అంకె తీసేశారు. "నిర్ణయించిన సంఖ్యలో" అని పెట్టి, ఆ సంఖ్యను స్థానిక కౌన్సిళ్లతో మాట్లాడి ప్రభుత్వమే తేల్చాలని రాశారు. మర్నాడే లార్డ్స్‌లో 279–172తో నెగ్గింది. సొంత పార్టీ ఎంపీలే కొందరు ఊగిసలాడుతుండటంతో వారం తిరిగేసరికి కామెరాన్ ప్రభుత్వం ఒప్పుకుంది. అదే చట్టంలో 67వ సెక్షన్.

సినిమా అయితే ఇక్కడ శుభం కార్డు పడేది. అంకె తీసేస్తే వచ్చే నష్టం 2017 ఫిబ్రవరిలో తెలిసింది. మొత్తం 350 మందితో ఆపేస్తామని ప్రభుత్వం ప్రకటించింది. కొన్ని వారాలకు ఒక ప్రాంతం కౌన్సిళ్లు ఇస్తామన్న 130 చోట్లను లెక్కలో కలపడం మర్చిపోయామని ఒప్పుకుని 480 చేసింది. (పద్దుల్లో ఒక కాగితం జారిపోతే ఏమవుతుందో ట్రెజరర్లకు చెప్పక్కర్లేదు. ఇక్కడ జారిపోయింది 130 మంది పిల్లలకు నీడ.) ఆ 480 కూడా నిండేసరికి 2020 వచ్చింది. 3,000 అడిగితే 480. ఓడిపోయారా, గెలిచారా?

ఆయన అక్కడితో ఆగలేదు. బ్రెగ్జిట్ తర్వాత కూడా శరణార్థి పిల్లలు ఇక్కడున్న బంధువుల దగ్గర చేరే దారి మూసుకుపోకూడదని, దానికోసం యూరప్‌తో చర్చలు జరపాలని 2018 చట్టంలో ఒక సెక్షన్ పెట్టించారు. 2020 జనవరిలో కొత్త బిల్లు దాన్ని నీరుగారుస్తుంటే మళ్లీ సవరణ తెచ్చారు. లార్డ్స్ 300–220తో ఒప్పుకుంది, మర్నాడు కామన్స్ కొట్టేసింది. ఈసారి అంకె తీసేసి బతికించే వెసులుబాటు లేదు, ఎందుకంటే ప్రభుత్వానికి ఎనభై సీట్ల మెజారిటీ.

ఈ కథంతా హాన్సర్డ్‌లో ఉంది, కానీ "ఇన్నిసార్లు మాట్లాడారు" అన్న చోట లేదు. సవరణ నంబర్లలో ఉంది, ఓటింగ్ పట్టికల్లో ఉంది, మంత్రి జవాబులో ఉంది, ఏడాది తర్వాత ప్రభుత్వం మాట మార్చిన రోజున ఉంది. నేను ఓచర్లు అంటున్నది వీటినే. సభ్యుడు ఏమడిగారు, ప్రభుత్వం ఏమంది, ఓటు ఎటు పడింది, తర్వాత ఏమైంది. నాలుగు కాగితాలు పిన్ను కొడితే ఒక పని తేలుతుంది. ఒక్కో పనికి అరగంట పడుతుంది, మన ఈవెంట్లకు బెలూన్లు ఊదడానికి పట్టే టైమ్ కంటే తక్కువ.

ఇప్పుడు మన ఇంటి సంగతి.

మన పిల్లలు ఎంఎస్‌లకని వస్తున్నారు, "పీఎస్‌డబ్ల్యూ ఉందిగా" అన్న ధైర్యంతో. పాత పోస్ట్ స్టడీ వర్క్ వీసాను 2012 ఏప్రిల్‌లో మూసేశారు. తొమ్మిదేళ్లకు, 2021 జులైలో, గ్రాడ్యుయేట్ రూట్ పేరుతో మళ్లీ తెరిచారు. ఆ మధ్యకాలం లార్డ్స్ రికార్డు తిరగేస్తే విదేశీ విద్యార్థుల తరఫున మళ్లీ మళ్లీ లేచిన పేర్లలో కరణ్ బిలిమోరియాది ఒకటి. హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియా బీకాం చేసి, ఇక్కడ కోబ్రా బీరు పెట్టిన పార్సీ ఆయన. 2006లో ఏ పార్టీకీ చెందని క్రాస్‌బెంచర్‌గా సభలోకి వచ్చారు. చదువుకోవడానికి వచ్చేవాళ్లను వలసల లెక్కలో కలపొద్దని, చదువయ్యాక రెండేళ్లు పని చేసుకోనివ్వాలని ఏళ్ల తరబడి పాత పాటే పాడారు. చదువుతుంటే ఒకచోట నాకే విసుగొచ్చింది, మళ్లీ ఇదేనా అని. కానీ ఆ సభలో పని జరిగే తీరే అది. ఒకే మేకు మీద పదేళ్లు కొట్టాలి. ఆ రూట్ తిరిగి రావడం ఒక్కరి గొప్పే అనను. యూనివర్సిటీలు, ఎంపీలు, రెండు సభలూ అందరూ తోశారు. అయినా మన హాళ్లలో బిలిమోరియా గురించి చెప్పమంటే ముందు బీరు సంగతే వస్తుంది.

2025 మేలో వచ్చిన ప్రభుత్వ శ్వేతపత్రంలో ఆ గ్రాడ్యుయేట్ రూట్‌ను 18 నెలలకు కుదిస్తామన్నారు. ఐఎల్ఆర్‌కు, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతికి, ఐదేళ్లు ఉన్నది పదేళ్లు చేస్తామన్నారు. ఆ వారం మన వాట్సాప్ గ్రూపుల్లో ఎంత టెన్షన్ నడిచిందో మీకూ తెలుసు. "మనకు తెలిసిన లార్డు గారితో మాట్లాడి బిల్లు ఆపిద్దాం" అని ఒకాయన మెసేజ్ పెట్టారు, దానికి నలభై బొటనవేళ్లు.

అక్కడ ఆపడానికి బిల్లే లేదు. వీసా నిబంధనలు ఎక్కువగా బిల్లుల రూపంలో రావు. 1971 ఇమిగ్రేషన్ చట్టం ప్రకారం హోమ్ ఆఫీసు నిబంధనల మార్పులను ఒక ప్రకటనగా పార్లమెంటు ముందు పెడుతుంది. ఏదో ఒక సభ 40 రోజుల్లోపు వద్దని తీర్మానిస్తే తప్ప అవి నడుస్తాయి. లార్డ్స్ అలాంటి నిబంధనలను తిరస్కరించడం చాలా అరుదు. ఎక్కువలో ఎక్కువ "ఈ మార్పుకు సభ విచారం వ్యక్తం చేస్తోంది" అని ఒక తీర్మానం పెట్టొచ్చు. నెగ్గినా నిబంధన చెక్కు చెదరదు. ఏం లాభం అంటారా? ఆ చర్చలో మంత్రి లేచి జవాబు చెప్పాలి. ఇప్పటికే ఇక్కడున్నవాళ్లకూ ఇది వర్తిస్తుందా, పిల్లల సంగతేంటి, జీతం లెక్క ఏ తేదీ నుంచి అని అడిగితే రికార్డు మీద ఏదో ఒకటి చెప్పక తప్పదు. రేపు మన లాయర్ చేతిలో ఉండే కాగితం అది.

అంతకంటే తేలికైన దారి రాతపూర్వక ప్రశ్న. లార్డ్స్ సభ్యుడు ఎవరైనా వేయొచ్చు, ప్రభుత్వం పది పనిదినాల్లో జవాబివ్వాలన్నది లెక్క. చప్పట్లు రావు, టీవీలో రాదు, ప్రసంగాల సంఖ్యలో కలవదు. కానీ "ఫలానా తేదీకి ముందు దరఖాస్తు చేసుకున్న కేర్ వర్కర్లు ఎంతమంది ఇంకా నిర్ణయం కోసం ఎదురుచూస్తున్నారు?" లాంటి దానికి అంకె రాబట్టగల తేలికైన సాధనం అది. ఉగాది రోజు మా అతిథి గారికి బొకేతో పాటు అలాంటి ప్రశ్న ఒకటి టైప్ చేసి ఇచ్చి ఉంటే, కేర్ హోముల మీద పన్నెండు నిమిషాలు మాట్లాడిన మనిషి కాదనేవారని నేననుకోను. ఆయన కాదనలేదు సరే, మనమే అడగలేదు.

చదివేటప్పుడు ఇంకొకటి గమనించండి. చాలా ప్రసంగాలు మొదలయ్యే చోట "ఈ విషయంలో నాకున్న సంబంధాన్ని ముందే చెబుతున్నాను" అనే అర్థం వచ్చే వాక్యం ఉంటుంది. ఫలానా కంపెనీలో డైరెక్టర్ననో, ఫలానా చారిటీకి ట్రస్టీననో. అది చెప్పి తీరాలన్నది సభ నియమం. విడిగా రిజిస్టర్ కూడా ఉంటుంది. స్పాన్సర్ల మాట మీద అతిథుల్ని ఖాయం చేసే సంఘాలు ఆ రిజిస్టర్ చూస్తే మంచిది. ఇంతకు మించి ఇక్కడ రాయను, అర్థమయ్యేవాళ్లకు అర్థమవుతుంది.

లార్డుల్ని పిలవొద్దని నేననడం లేదు. పిలవండి, పులిహోర పెట్టండి, శాలువా కప్పండి. మన పిల్లలకు పార్లమెంటు మనిషిని దగ్గరగా చూపించడం మంచిదే. కాకపోతే పిలిచే ముందు కార్యవర్గంలో ఒకరు, ఒక్కరు చాలు, ఆయన రికార్డులోంచి రెండు పనులు ఎంచి నాలుగు కాగితాల చొప్పున పిన్ను కొట్టి తేవాలి. ఒకటి మనం మెచ్చుకోదగ్గది. రెండోది మనకు నచ్చని ఓటు, అలాంటిది ఉంటే. మెచ్చుకునేది స్టేజీ మీద చదవండి. నచ్చనిది టీ దగ్గర మర్యాదగా అడగండి. "2016లో డబ్స్ సవరణకు మీరు నాట్ కంటెంట్ అన్నారు, ఎందుకండీ?" అంటే ఏ లార్డూ నొచ్చుకోరు. అక్కడ అవును, కాదు అనడానికి వాడే మాటలు అవే, కంటెంట్, నాట్ కంటెంట్. తమ ఓటు ఎవరో చదివారని తెలిస్తే వాళ్లే మనల్ని గుర్తుపెట్టుకుంటారు.

అసలేమీ దొరకకపోతే? మూడేళ్ల రికార్డులో నివాళులూ ధన్యవాదాలూ తప్ప ఏమీ లేకపోతే? అప్పుడు ఆయన్ని అతిథిగా పిలవండి, ముఖ్య అతిథిగా కాదు. ఆ రోజు ముందు వరస మధ్య కుర్చీ, నైట్ షిఫ్ట్ చేసి నేరుగా హాలుకొచ్చి వంద మందికి వడ్డించే మన కేర్ వర్కర్లలో ఒకరికి ఇద్దాం. శాలువాలు ఎలాగూ డజను చొప్పునే కొంటాం, పాతవి ఏడు స్టోర్ రూమ్‌లో నీలం అట్టపెట్టెలో ఉన్నాయి, తాళం చెవి నా దగ్గరే మిగిలిపోయింది.

దీపావళికి మా సంఘం హాలు బుక్ చేసిందని విన్నాను. అతిథి ఎవరో ఖాయమయ్యాక పేరు నాకు వారం ముందు పంపండి. పరిచయం నేనే రాసిస్తాను. మూడు లైన్లు దాటదు, రెండో లైనులో తేదీ, బిల్లు పేరు, ఓట్ల లెక్క ఉంటాయి. మైకు మాత్రం ఆ అమ్మాయికే ఇవ్వండి.

ఇట్లు
మీ సంఘం మాజీ ట్రెజరర్